ఉగాండా బడికి పోయేవాళ్లకు ఒక టీచరమ్మ మాట

రిటైరయ్యాక ఇంట్లో ఏం తోస్తుంది? మా అనంతపురం చర్చి వాళ్లు ఉగాండాకు మిషన్ ట్రిప్ అంటే, చదువు చెప్పే పనైతే వస్తానన్నాను. టీమ్‌లో బడి పంతులమ్మని నేనొక్కదాన్నే. తక్కినవాళ్లంతా సండే స్కూల్, వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ క్లాసులు) నడిపే కుర్రాళ్లు. యాక్షన్ సాంగ్స్, బొమ్మలు, రంగు కాగితాలు సూట్‌కేసుల నిండా కుక్కుకున్నారు.

ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే సర్కారు సంస్థలో వేయించుకున్నాం. వేయించుకున్న 10 రోజులకు గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు. ఆఖరి వారంలో పరిగెత్తితే లాభం లేదు.

మేం దిగింది ముకోనో అనే ఊరి దగ్గర, చర్చిని ఆనుకునే ఉన్న ప్రైమరీ బడిలో. పాటలు ఆ పిల్లలకు మనం నేర్పేదేముంది? డోలు మోగితే చాలు, ఒకటో తరగతి పిల్లలు కూడా గొంతు కలిపేస్తారు. మావాళ్ల పాటల మూట మొదటి పూటకే ఖాళీ.

నాలుగో తరగతి టీచరమ్మను పక్కకు పిలిచి, మా వల్ల ఏం సాయం కావాలని అడిగాను. చదివించండి, అంతే అంది. అక్కడ 2007లో వచ్చిన పాఠ్యప్రణాళిక ప్రకారం మూడో తరగతి దాకా పాఠాలు ఊరి భాషలో, అంటే అక్కడ లుగాండాలో. నాలుగులో ఇంగ్లిష్‌కు మారాలి. ఏడో తరగతి చివర పీఎల్ఈ, అంటే ప్రైమరీ చదువు ముగింపు పరీక్ష, ఇంగ్లిష్‌లోనే. మన మండల పరిషత్ బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పటి పిల్లల మొహాలు చూసినదాన్ని కదా, ఆమె బాధ నాకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

ఆఫ్రికన్ స్టోరీబుక్ వాళ్ల సైట్‌లో బొమ్మల కథలు లుగాండాలోనూ ఇంగ్లిష్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసుకోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. కొన్ని తీయించి, రెండు భాషల పేజీలూ పక్కపక్కన పెట్టి కుట్టాం. వెనక బెంచీలో ఒక పిల్లవాడు లుగాండా వాక్యం గడగడా చదివేసి, ఇంగ్లిష్ మాట దగ్గర వేలు ఆపేవాడు. బొమ్మ చూసేవాడు, మళ్లీ మాట చూసేవాడు. నేను నోరు తెరవబోతే టీచరమ్మ కళ్లతోనే వారించేది. కాసేపటికి వాడే పలికేవాడు. పాఠం ఆమె చెప్పింది. పుస్తకాలు కుట్టడం, ఒక్కొక్కరి పక్కన కూర్చుని వినడం మా పని. బయటి నుంచి పోయినవాళ్లకు అంతకు మించి పెత్తనం వద్దంటాను. పిల్లల్ని చంకనేసుకుని స్టేటస్ ఫోటోలు దిగడం అసలే వద్దు.

తిండికి నాకేం ఇబ్బంది కాలేదు. పోషో అంటే తెల్ల మొక్కజొన్న పిండితో చేసిన సంగటే అనుకోండి, రాగి కాదంతే. అరటికాయ ముద్దలోకి శెనక్కాయ గింజలు నూరి చేసిన పులుసు పోశారు. అనంతపురం మనిషికి ఇంకేం కావాలి!

ఇప్పుడు ఇంకో టీమ్ కోసం మా చర్చి పాస్టర్ అయ్యగారు పేర్లు రాసుకుంటున్నారు. అందరూ మన ఎండాకాలం సెలవుల్లోనే పోదామంటున్నారు. అక్కడ మొదటి టర్మ్ మే మొదట్లో అయిపోతుంది, ఆ నెలలో చాలావరకు బడికి తాళమే. "జూన్‌లో పెట్టండి అయ్యగారూ" అన్నాను. జూన్ అయితే కుర్రాళ్లకు కాలేజీలు, ఉద్యోగస్తులకు లీవు దొరకదు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక కూడా ఇదే పంచాయితీ, ఇంకా తెగలేదు.