ఏమీ లేని తలకు కరెంటు

నా ఎడమ ఊపిరితిత్తి పై భాగం తీసేశారు. గడ్డ చిన్నదే, లింఫ్ గ్రంథుల్లోకి పాకలేదు. కానీ బయాప్సీలో స్మాల్ సెల్ అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. ఈ రకం త్వరగా మెదడుకెక్కుతుందట, కీమో మందులేమో అక్కడికి సరిగా చేరవు. అందుకే కీమో అయ్యాక, మెదడు ఎమ్మారై శుభ్రంగా ఉన్నా, డాక్టరుగారు ముందుజాగ్రత్తగా తలకు రేడియేషన్ మాటెత్తారు.

"ఏమీ లేని తలకి కరెంటు పెట్టడమేంటండీ?" అని మా ఆవిడ అక్కడే అడిగేసింది. ఆయన విసుక్కోలేదు, బలవంతమూ చేయలేదు. చికిత్సకి జబ్బు పూర్తిగా లొంగినవాళ్ల మీద 1999లో వచ్చిన లెక్కల్లో, ఈ రేడియేషన్ వల్ల మూడేళ్లు బతికినవాళ్లు వందకి 15 నుంచి దాదాపు 21కి పెరిగారని, అయితే అప్పట్లో ఇన్ని ఎమ్మారైలు లేవని, నాలా మొదటి దశలోనే ఆపరేషన్ అయినవాళ్లకు లాభం ఎంతో గట్టిగా చెప్పలేమని, కావాలంటే మూడు నెలలకోసారి ఎమ్మారై తీయించుకుంటూ కనిపెట్టుకుని ఉండొచ్చని చెప్పారు. జ్ఞాపకశక్తి కొంత తగ్గొచ్చని కూడా దాచకుండా చెప్పారు. స్కాన్ దగ్గరపడితే నాకు నిద్ర పట్టదు, అందుకే సరే అన్నాను. ఇంకొకరు వద్దనుకున్నా తప్పనను.

మొత్తం 25 గ్రే (రేడియేషన్ మోతాదుని గ్రేల్లో కొలుస్తారు), 10 సిట్టింగులు, శని ఆదివారాలు సెలవు. అసలు కష్టం మాస్కుదే. చిల్లుల ప్లాస్టిక్ షీటును వేడినీళ్లలో మెత్తబరిచి, తుడిచి, ముఖం మీద పరిచి నొక్కుతారు, గోరువెచ్చని తడి అట్టు ముఖానికి కప్పినట్టుంటుంది. కాసేపటికి గట్టిపడి గడ్డం కూడా కదలదు. రోజూ దాన్ని బల్లకి బిగిస్తారు. మెషీన్ తిరిగేది కొద్ది నిమిషాలే, నొప్పి లేదు, కళ్లు మూసుకున్నా నీలం వెలుగు ఒకటి మెరిసేది, బ్లీచింగ్ పౌడర్ లాంటి వాసనా వచ్చేది. కొందరికి అలా అవుతుందని టెక్నీషియన్ చెప్పేదాకా తెగ భయపడ్డాను. ఇంటికొచ్చేసరికి బుగ్గల మీద ఇంకా చిల్లుల అచ్చులే, మనవడికి అదో వినోదం.

జ్ఞాపకశక్తి కాపాడటానికి మెమాంటిన్ రాశారు. మందుల షాపతను చీటీ చూసి "ఇంట్లో పెద్దవాళ్లకి మతిమరుపాండీ?" అన్నాడు. నాకే అంటే నమ్మలేదు.

నీరసం అన్నీ అయిపోయాకే పట్టుకుంది, మధ్యాహ్నం అన్నం తింటే సాయంత్రం దాకా లేవలేకపోయేవాణ్ణి. జుట్టు రాలి మళ్లీ పల్చగా వచ్చింది. పేర్లు అప్పుడప్పుడూ నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి, అది వయసో కరెంటో డాక్టరుగారూ తేల్చలేదు. ఇంతా చేస్తే ఎమ్మారైలు తప్పుతాయనుకున్నా, అవీ తప్పలేదు.