రెండు దేశాల మధ్య ఆచారం

అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదవడం అంతర్జాతీయ న్యాయస్థానం శాసనంలోని 38వ అధికరణంతో మొదలవుతుంది. అందులో అంతర్జాతీయ న్యాయానికి మూలాలుగా పేర్కొన్న ఒప్పందాలు, ఆచారం, సాధారణ న్యాయసూత్రాలలో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది ఆచారమే. దేశాలు ఒక పద్ధతిని పాటిస్తూ రావడం ఒక్కటే చాలదు, అది తమపై చట్టబద్ధమైన బాధ్యత అని నమ్మి పాటించాలి.

ఈ సూత్రం నాకు బోధపడింది పోర్చుగల్ 1955లో భారతదేశంపై వేసిన దావా చదివాకే. తన వలస ప్రాంతమైన దామన్ నుంచి, చుట్టూ భారత భూభాగమే ఉన్న తన మరో వలస ప్రాంతాలు దాద్రా, నగర్ హవేలీలకు మన భూభాగం మీదుగా వెళ్లే హక్కు తమకుందని పోర్చుగల్ వాదించింది. రెండే దేశాల మధ్య ఆచారం ఏర్పడదన్న భారత్ వాదనను న్యాయస్థానం 1960 ఏప్రిల్ 12న తోసిపుచ్చి, సామాన్య ప్రజలకు, సివిల్ అధికారులకు, సరుకులకు ఆ హక్కు ఉందని తేల్చింది. సాయుధ బలగాలకు మాత్రం లేదంది, ఎందుకంటే వాటిని తరలించాలంటే ముందుగా అనుమతి తీసుకోవడమే అక్కడి వాడుక. అడిగి పొందే అనుమతి ఎన్నేళ్లు సాగినా హక్కుగా మారదన్న ఈ తర్కం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. 1954 నాటి ఉద్రిక్తతల్లో రాకపోకలను నిలిపివేసిన భారత్ తన బాధ్యతలను ఉల్లంఘించలేదని కూడా అదే తీర్పు చెప్పింది.