శాంక్షన్ అనే ఒక్క మాట

ఆదివారం కావడంతో ఈ రోజు ఉదయం ఇంగ్లిషు పత్రిక ముందు వేసుకుని తీరిగ్గా కూర్చున్నాను. రష్యా గురించిన వ్యాసంలో ‘శాంక్షన్స్’ అనే మాట మూడు చోట్ల తగిలింది. బ్యాంకు ఉద్యోగినైన నాకు ఇది రోజూ నోట్లో నానే మాటే. లోను శాంక్షన్ అయిందా అని అడగని ఖాతాదారు ఉండరు. ఆ మంజూరు అర్థాన్నే పట్టుకుని చదివితే, పాశ్చాత్య దేశాలు రష్యాకు ఏదో మంజూరు చేసినట్టు వచ్చి వాక్యం ఎటూ పొసగలేదు.

నిఘంటువులో అనుమతి, ఆంక్ష అనే రెండర్థాలూ పక్కపక్కనే ఉన్నాయి గానీ, ఎక్కడ ఏది వర్తిస్తుందో అంతుపట్టలేదు. అందుకని ఫోనులోని ఏఐ యాప్‌ను, అర్థం చెప్పకుండా ఈ మాటతో ఆరు వాక్యాలు మాత్రం రాసిపెట్టమని, అర్థాన్ని నేనే ఊహిస్తానని అడిగాను. వాటిలో ఒకటి 1990 ఆగస్టులో భద్రతా మండలి ఇరాక్‌పై విధించిన ఆంక్షల గురించి. మరొకటి అచ్చం మా బ్రాంచిలో రాసే ఉత్తరంలా ఉంది. ఆరూ ఒకదాని కింద ఒకటి పెట్టుకుని చూస్తే మాట నడక తెలిసింది. బహువచనంలో ఉండి, ముందు ‘ఇంపోజ్’, తరువాత ‘ఆన్’ వస్తే అవి ఆంక్షలు. క్రియగా వచ్చినప్పుడు దాని కర్మ లోనో, సెలవో, నిధులో అయితే మంజూరు. అదే ఒక దేశమో, కంపెనీయో అయితే మళ్లీ ఆంక్షే. పవిత్రమైనదిగా శాసించడమనే లాటిన్ ధాతువు నుంచి ఈ మాట వచ్చిందని, ‘సెయింట్’ కూడా ఆ కుదురుదేనని నిఘంటువులో చదివాక, శాసనం ఇచ్చే అనుమతీ, శాసనం వేసే శిక్షా ఒకే మాటలో ఎలా ఇమిడాయో అర్థమై ఎంతో సంతోషం కలిగింది.

తరువాత నా వంతుగా ‘ది మేనేజర్ శాంక్షన్డ్ టు మై లీవ్’ అని రాశాను. అందులో ‘టు’ అక్కరలేదని యాప్ దిద్దింది. అది ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచిస్తే, ‘నా సెలవుకు అనుమతి ఇచ్చారు’ అనే తెలుగు వాక్యంలోని ‘కు’ నాకు తెలియకుండానే ఇంగ్లిషులో దూరిందని తోచింది. ఇన్నేళ్లూ ఎన్ని ఉత్తరాల్లో ఆ ‘టు’ రాసి ఉంటానో!

అయితే వాక్యాలన్నిటినీ తెలుగు చేయమన్నప్పుడు, ఆంక్షలకు గురైన కంపెనీని ‘మంజూరు చేశారు’ అని రాసింది. నా ఉదయపు తప్పే అదీ చేసింది. అందువల్ల యాప్ చెప్పినదాన్ని నిఘంటువుతో సరిచూసుకోకుండా నోటుబుక్కులోకి ఎక్కించకూడదని నిశ్చయించుకున్నాను.

రాత్రి పడుకోబోయే ముందు మరో మాట రాసిపెట్టుకున్నాను. ‘ఓవర్‌సైట్’ అంటే మా ఆడిట్ రిపోర్టులో ఒక పేరాలో పర్యవేక్షణ, తరువాతి పేరాలోనే ‘డ్యూ టు’ వెనుక చేరి పొరపాటు. రేపు దీనితో ఆరు వాక్యాలు అడగాలి.