ఇంటిపేరు ఏ గడిలో?

సెలవుకి హైదరాబాద్ వచ్చిన మూడో రోజే మా బావమరిది నన్ను రాణిగంజ్‌లోని తన పంపుసెట్ల ఆఫీసుకి తీసుకువెళ్ళాడు. టీ తెప్పించి, కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, "బావా, దుబాయ్‌లో పన్నెండేళ్ళుగా మీరు చేస్తున్నది ఇదే పని కదా. కొనేవాళ్ళ వివరాలు దాచుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటారు?" అన్నాడు.

నిజమే, ఇదే పని. దుబాయ్‌లోని దేరా అనే పేటలో ఉన్న సామాన్ల కంపెనీలో చేరిన మొదటి వారం నా చేతికొచ్చింది ఒక ఎక్సెల్ షీటు. అక్కడి మొబైల్ నంబర్లు 050, 055 అంటూ సున్నాతో మొదలవుతాయి. వాటిని మామూలు అంకెలనుకుని ఎక్సెల్ ముందరి సున్నాను మింగేసింది. దేశం కోడు 971 చేర్చి రాస్తే పన్నెండు అంకెలవుతాయి; అప్పుడు నంబరు మాయమై లెక్కల మాస్టారి ఘాతాంకం కనిపించింది. ఆ సున్నాలు తిరిగి పెట్టడమే విదేశంలో నా తొలి ఉద్యోగం.

తరువాత కొన్న సాఫ్ట్‌వేర్ నంబర్లను బాగానే చూసుకుంది, పేర్ల దగ్గర బోల్తా పడింది. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు. రెండోది నింపనిదే ముందుకు కదలదు. మనకేమో ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా. నాకు ముందు పనిచేసినతను ఆ గడిలో చుక్క పెట్టి గట్టెక్కేవాడు. శ్రీనివాసరావు అనే ఒకే ఆసామి మూడు స్పెల్లింగులతో ముగ్గురయ్యాడు. ధర తగ్గింపు కబురు మూడుసార్లు అందుకుని, మూడింతలు తగ్గిస్తారా అని ఫోన్ చేశాడు. నేనూ ఆ గడి బాధితుణ్ణే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ అని ఉన్నందుకు ఆఫీసంతా నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తుంది. మా ఊళ్ళో ఆ పేరు పిలిస్తే సగం వీధి పలుకుతుంది.

మావాడి షీటు జబ్బు వేరు. 5-4-12 లాంటి షాపు నంబర్లన్నీ తారీఖులైపోయాయి. 2012 ఏప్రిల్ 5న సరుకు దింపమంటే ఆటో అతను ఎక్కడికని వెళ్తాడు? దుబాయ్‌లో ఉత్తరాలకు పోస్టుబాక్సు నంబరు చాలు. ఇక్కడ నంబరు తరువాత "వేపచెట్టు పక్క సందు, పాత గోడౌన్ మీద" అని కూడా రాసుకోవాలి.

పేరున్న సాఫ్ట్‌వేర్లు చాలావరకు మనిషికి నెలకింత అని వసూలు చేస్తాయి. చెన్నైవాళ్ళ జోహో సాఫ్ట్‌వేర్ ముగ్గురి వరకు ఉచితం. మావాడి ఆఫీసులో నలుగురు! ధర సంగతి తరువాత, ముందు నీ దగ్గరున్న చిక్కు పేర్లు, చిక్కు చిరునామాలు ఓ యాభై ఎక్కించి చూడమన్నాను. ఆపైన వాటిని సీఎస్‌వీ ఫైలుగా, అంటే కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలుగా, బయటికి తీసి, తెలుగు అక్షరాలు తెలుగుగానే వచ్చాయో లేదో చూడాలి. చందా ఆపిన రోజున మన జాబితా మన చేతికి రాకపోతే మళ్ళీ మొదటికే. ఆ దెబ్బ నేను ఒకసారి తిన్నాను.

నాలుగో మనిషి, పాత గుమాస్తా, అంతా విని తన పొడుగు పుస్తకం తెరిచాడు. పేర్లన్నీ ఊళ్ళవారీగా ఉన్నాయి. ప్రతి పేరు పక్కన ఎవరి ద్వారా వచ్చారో రాసి ఉంది. మా దుబాయ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ చోట ప్రకటన, ఎగ్జిబిషన్ అనే రెండు మాటలే ఉండేవి.

"అంతా బాగానే ఉంది బాబూ," అన్నాడాయన పుస్తకం మూయకుండానే, "మరి బాకీలు ఏ గడిలో రాయాలి?"