90 మిల్లీలీటర్ల కోసం నాలుగు గంటలు

రోడ్డు సైక్లింగ్ నేషనల్స్‌లో నాది పందొమ్మిదో స్థానం. పతకం దరిదాపుల్లో కూడా లేను. ఫినిష్ లైన్ దాటి హ్యాండిల్ మీదే వాలిపోయి ఊపిరి తీసుకుంటుంటే, మెడలో ఐడీ కార్డు వేసుకున్న కుర్రాడొకడు వచ్చి నా వీపు మీది నంబరు చూశాడు. డోప్ టెస్టుకు నా పేరు వచ్చిందట, సంతకం పెట్టమన్నాడు. గెలిచినవాళ్లతో పాటు లాటరీ తీసి కూడా కొందరిని పిలుస్తారని తెలుసు. పుట్టి బుద్ధెరిగాక నాకు తగిలిన లాటరీ ఇదొక్కటే.

అప్పుడు టైము పదింబావు. సంతకం పెట్టిన క్షణం నుంచి ఆ కుర్రాడు నన్ను వదల్లేదు. జెర్సీ మార్చుకుంటే పక్కనే, కోచ్ సార్‌తో మాట్లాడితే పక్కనే.

నాకు టెన్షన్ ఒక్కదాని గురించే. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది, ఇన్హేలర్ వాడతాను. అందులో ఉండేది సాల్బుటమాల్. పర్మిషన్ లేకుండానే వాడొచ్చు గానీ లెక్క ఉంది: 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, అందులోనూ ఏ ఎనిమిది గంటల్లోనైనా 600 దాటకూడదు. నా ఇన్హేలర్ ఒక్క పఫ్‌కు 100. రాత్రి రెండు, పొద్దున లేచాక రెండు, స్టార్ట్ లైన్ దగ్గర రెండు. ఎలా చూసినా లోపలే ఉన్నాను. అయినా భయం పోదు, ఎందుకంటే బ్రిటిష్ సైక్లిస్టు క్రిస్ ఫ్రూమ్ సంగతి తెలుసు. 2017 స్పెయిన్ టూర్‌లో ఆయన మూత్రంలో సాల్బుటమాల్ మిల్లీలీటరుకు 2000 నానోగ్రాములు తేలింది, పరిమితి 1000. తప్పేమీ లేదని 2018 జులైలో కేసు మూసేసేదాకా ఆయన పేరు పేపర్లలో నలుగుతూనే ఉంది. ఒంట్లో నీళ్లు తగ్గి మూత్రం చిక్కబడితే ఆ అంకె పెరుగుతుందని అప్పట్లో చదివాను. నేను చూస్తే ఎండలో మూడు గంటలు తొక్కి వచ్చాను. ఇంకేం, సీలున్న నీళ్ల బాటిళ్లు వరసగా ఐదు ఖాళీ చేశాను.

చేసిన తప్పు అదే.

గదిలో ముందు కాగితం పని. గత ఏడు రోజుల్లో వాడిన మందులన్నీ రాయాలి. ఇన్హేలర్ రాశాను, సీటు ఒరుసుకుపోయిన చోట పూసే ఆయింట్‌మెంట్ కూడా రాశాను. ఆయింట్‌మెంట్ ఎందుకంటే, 1999 టూర్ ద ఫ్రాన్స్‌లో సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు స్టెరాయిడ్ బయటపడితే ఇలాంటి పుండుకు క్రీమ్ వాడానని పాత తేదీ వేసిన చీటీతోనే తప్పించుకున్నాడు. నాది నిజంగానే పుండు.

తర్వాత బాత్రూమ్. ఆఫీసర్ ఎదురుగా నిలబడ్డాడు. చొక్కా ఛాతీ దాకా ఎత్తాలి, చేతులు మోచేతుల దాకా మడవాలి, షార్ట్స్ మోకాళ్ల కిందికి దించాలి. సిగ్గుతో చచ్చిపోయాను. ఇదంతా ఎందుకో కూడా తెలుసు. 1978లో బెల్జియం రైడర్ మిషెల్ పొలెంటియే ఆల్ప్ దుయెజ్ కొండ మీద గెలిచి రేసులో అందరికన్నా ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ తొడుక్కుని, టెస్టుకు చంకలో రబ్బరు బుడ్డి పెట్టుకుని వచ్చాడు. బుడ్డికి ట్యూబు, బుడ్డిలో వేరేవాళ్ల మూత్రం. దొరికిపోయి టూర్ నుంచి ఇంటికెళ్లాడు. ఆయన చంకలో బుడ్డి పెడితే నేను చొక్కా ఎత్తాల్సొచ్చింది.

కనీసం 90 మిల్లీలీటర్లు కావాలి. మొదటిసారి వచ్చింది 60. దాన్ని సీల్ చేసి పక్కన పెట్టి మళ్లీ కూర్చోబెట్టారు. అరగంటకు ఐదు బాటిళ్లూ ఒక్కసారే పనిచేశాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆఫీసర్ రెండూ కలిపి, రెండు చుక్కలు చిన్న పరికరం అద్దం మీద వేసి కంటి దగ్గర పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. సాంద్రత 1.002. ఎంత ఎక్కువ పోసినా కనీసం 1.003 ఉండాలి. మూత్రం మరీ పల్చగా ఉంది, అదీ ల్యాబుకే వెళ్తుంది గానీ ఇంకో శాంపిల్ ఇవ్వాలి. "ఇక నీళ్లు ముట్టుకోకు" అన్నాడు. ఎందుకలా తాగావని అడిగితే ఫ్రూమ్ కథ చెప్పాను. ఆయన నవ్వాడు. మూత్రం చిక్కగా ఉంటే ల్యాబువాళ్లు దాని ప్రకారం పరిమితిని సవరిస్తారట. అంటే నా ఐదు బాటిళ్లూ వృథా.

మళ్లీ ఇచ్చేసరికి ఒంటిగంటన్నర. ఈసారి సరిపోయింది. పెట్టె, సీసా, మూత, మూడింటి మీదా ఒకటే నంబరు ఉందో లేదో నాతోనే చదివించారు. ముందు బి సీసాలో, తర్వాత ఎ సీసాలో నేనే పోశాను. మూత తిప్పుతుంటే టిక్ టిక్‌మని శబ్దం. ఆ శబ్దం ఆగేదాకా తిప్పాలి, ఆ తర్వాత చేత్తో ఎవరూ తీయలేరు. సీసా మీద పేరుండదు, నంబరే.

సంతకాలయ్యేసరికి రెండుంబావు. టీమ్ బస్సు వెళ్లిపోయింది. కోచ్ సార్ ఒక్కరే నా సైకిల్ పట్టుకుని చెట్టు కింద కూర్చున్నారు, పక్కన పెరుగన్నం ప్యాకెట్. "ఏరా, ఇంతసేపా?" అన్నారు. ప్యాకెట్ విప్పకముందే సంచిలోంచి ఇన్హేలర్ తీసి దాని కౌంటర్ మీది అంకెను ఫొటో తీశాను. ఎన్ని పఫ్‌లు వాడానో రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి.

ఎవరూ అడగలేదు, ఉత్తరమూ రాలేదు. 112 అని కనిపించే ఆ ఫొటో ఇంకా ఫోన్లోనే ఉంది.