మూలలో తిరిగే రైఫిళ్ల స్టాండు: చేయించిన అనుభవం

రైఫిళ్ల స్టాండు గురించి ఒక రిటైర్డ్ లెక్కల టీచరు రాయడమేమిటని అనుకోవచ్చు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాక, తుపాకీ ముఖం చూడని మా వంటి ఇళ్లలో కూడా ఈ ఆట మాట వినిపించడం మొదలైంది. మా మనవరాలు ఒక చిన్న షూటింగ్ క్లబ్బులో చేరింది. ఆ క్లబ్బులో పిల్లలను దింపి ఖాళీగా కూర్చునే పెద్దలకు ఏదో ఒక పని అంటగట్టే ఆచారం ఉంది. నాకు రైఫిళ్ల గది తాళాలు వచ్చాయి.

ఆ గదిలో ఒక గోడ పొడవునా చెక్క స్టాండు ఉండేది. రేంజిలో (కాల్చే హాలులో) లేన్లు పెంచడానికి గది సగం కోసేశారు, గోడతో పాటు స్టాండూ పోయింది. మాకు మిగిలింది తలుపు పక్కన మూల. నిడివి తొంభై సెంటీమీటర్లు, వెడల్పు తొంభై. కమిటీలో ఒక పెద్దాయన ఫోనులో ఎక్కడో అమెరికా వీడియో చూసి, గుండ్రంగా తిరిగే స్టాండు తెప్పిస్తే ఈ మూలలోనే పదహారు రైఫిళ్లు పడతాయని తేల్చేశారు. పదహారు అన్న అంకె ఆయనకు ఎక్కడ దొరికిందో నేను అడగలేదు. కొలిచి చెబుతానన్నాను.

ముందు చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే ప్రతి తల్లీ తండ్రీ అడిగే మొదటి ప్రశ్న అదే. 2016 ఆయుధ నియమాల ప్రకారం 0.177 అంగుళాల క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిల్ ఆ హద్దుకు చాలా కిందే ఉంటుంది. 0.53 గ్రాముల పెల్లెట్ (సీసపు గుండు) సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళితే శక్తి ఏడున్నర జౌళ్ల చిల్లర. లెక్క వేసుకోవచ్చు. మా గదిలో ఉన్నవన్నీ ఇవే. మందుగుండుతో పేలే పాయింట్ టూటూ (0.22 అంగుళాల) రైఫిళ్లు లైసెన్సు కిందివి, వాటి ఇనుప గది వేరు, తాళాలు వేరే వారి దగ్గర ఉంటాయి. లైసెన్సు అక్కర్లేదు కదా అని తాళం కూడా అక్కర్లేదనుకునే వారున్నారు. కన్ను పోగొట్టడానికి ఏడున్నర జౌళ్లు ధారాళంగా చాలు.

రెడీమేడ్ సరుకు చూశాను. విదేశాల్లో అమ్మే తిరిగే స్టాండ్లు వేట రైఫిళ్ల కోసం చేసినవి. సన్నటి స్టాకు (వెనక చెక్క భాగం), నున్నటి బట్ (భుజానికి ఆనే కొస). అక్కడ ఒక్కొక్కరి ఇంట్లో ఇరవై ఉంటాయి కాబట్టి ఆ ఏర్పాటు. మన దగ్గర 2019 సవరణ తరువాత మామూలు లైసెన్సుదారుకు రెండు తుపాకులే హద్దు. రెండింటి కోసం గిరగిర తిరిగే స్టాండు ఎవరికి కావాలి? పోటీ రైఫిల్ అయితే వేరే జాతి. బట్‌కు కొక్కెం, చెంప ఆనించే దిమ్మ, ఎత్తైన వెనక సైట్ (గురి చూసే అమరిక), లావుపాటి పిడి, అన్నీ మరలతో అటూ ఇటూ జరిగేవే. వేట రైఫిల్ కోసం స్టాండులో కోసిన గంటులో అది దూరదు.

మాడ్యులర్ కిచెన్ షాపులో మూల అలమరాకు పెట్టే తిరుగుడు పళ్లేలు తెచ్చేద్దామని ఇంకొకరు సలహా ఇచ్చారు. గిన్నెల బరువు కిందకి ఉంటుంది. మీటరు పైచిలుకు ఎత్తున్న రైఫిల్ బరువు అలా ఉండదు. బీరువా కొని అరలు పీకేద్దామన్న ఆలోచన కూడా నిలవలేదు. మన ఇళ్లలో ఉండే మామూలు స్టీలు బీరువా 78 అంగుళాల ఎత్తు, 36 వెడల్పు, లోతు 19. అంటే లోపల తిరిగే చక్రం 48 సెంటీమీటర్లు దాటకూడదు. అందులో రైఫిళ్లు కాదు, గొడుగులు పెట్టుకోవచ్చు.

కాబట్టి చేయించడమే: రేకు అలమరా, లోపల తిరిగే చక్రం, ముందు సన్నటి తలుపు. పని మొదలైంది బ్రౌన్ పేపర్ మీద. మా రైఫిళ్లలో అన్నింటికంటే లావైనదాన్ని కాగితం మీద పడుకోబెట్టి గీత గీశాను. వెనక సైట్ కొస నుంచి పిడి అడుగు వరకు 24 సెంటీమీటర్లు. మందం, పెల్లెట్ పెట్టేటప్పుడు లాగే లోడింగ్ లివర్‌తో కలిపి 8. వేళ్లు దూరి పట్టుకోవడానికి రెండు కలిపితే పది. పిడి బయటివైపు, సైట్ లోపల స్తంభం వైపు ఉండేలా నిలబెట్టాలని కోచ్ చెప్పారు. తీసేటప్పుడు చెయ్యి పిడి మీదకే వెళ్తుంది, సైట్ తలుపుకు తగలదు.

ఇక మిగిలింది ఎనిమిదో తరగతి లెక్క. లోపలి వలయం మీద ఒక్కో రైఫిల్‌కు 10 సెంటీమీటర్లు. పదహారు అయితే చుట్టుకొలత 160, వ్యాసార్ధం ఇరవై అయిదున్నర. దానికి 24 కలిపి రెట్టింపు చేస్తే చక్రం 99 సెంటీమీటర్లు. తొంభై మూలలో తొంభై తొమ్మిది తిరగదు. పది రైఫిళ్లయితే వ్యాసార్ధం దాదాపు 16, చక్రం 80. చుట్టూ రేకు, తలుపు మందం, కాస్త ఖాళీ పోగా సరిగ్గా సరిపోయింది. ఆ కాగితం పెద్దాయన ముందు పెట్టాను. రెండుసార్లు కూడి చూసుకుని, పదే చాలన్నారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. తిరిగే స్టాండు స్థలం మిగులుస్తుందన్నది నిజం కాదు. చతురస్రంలో గీసిన వృత్తం అందులో 78.5 శాతమే నింపుతుంది, మూలలన్నీ వృథా. అవే పది రైఫిళ్లు గోడకు వరుసగా నిలబెడితే మీటరు గోడ, ముప్పై సెంటీమీటర్ల లోతు చాలు. మాకు మీటరు గోడ లేదు కాబట్టి, ఉన్న మూలకు వెడల్పు తలుపు పట్టదు కాబట్టి తిప్పుడు కావలసి వచ్చింది. గోడ ఉన్నవారు హాయిగా వరుసలోనే పెట్టుకోండి.

బేరింగ్ కోసం సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ బజారుకు వెళ్లాను. ఆ బజారులో అడగాల్సింది వస్తువు పేరుతో కాదు, నంబరుతో. మొదటి షాపులో చూపించింది చదునైన టర్న్‌టేబుల్, డైనింగ్ టేబుల్ మీద పచ్చళ్లు తిప్పుకునే రకం. నిండుగా ఉన్నప్పుడు అది బాగానే మోస్తుంది. చిక్కు సగం ఖాళీ అయినప్పుడు వస్తుంది. పిల్లలు ఒకవైపు నుంచే అయిదు తీసుకెళ్తే, మిగిలిన అయిదూ ఇరవై అయిదు కిలోలు ఒకే వైపు లాగుతాయి. ఆ ఒరుగుడంతా పలచటి టర్న్‌టేబుల్ మీదే పడుతుంది. అదే నడుమ పైపు పెట్టి కింద ఒకటి, మీటరూ ముప్పై సెంటీమీటర్ల పైన ఒకటి బేరింగ్ వేస్తే ఆ ఒరుగుడు రెండింటికీ పంచుకుపోతుంది. పై బేరింగ్ మీద పక్కకు పడే ఒత్తిడి నా లెక్కలో మూడున్నర కిలోలు. పిల్లవాడి వేలు ఆపగలిగేంత. లీవరు సూత్రం మీద నాకున్న ప్రేమ ఈ వయసులో కూడా తగ్గలేదు.

పక్క షాపాయన ఇంత వివరం అడగకుండానే బరువు అడిగి, కిందకి 51108 థ్రస్ట్ బేరింగ్ (పై నుంచి పడే బరువు మోసేది), పైకి 6204 (పక్క ఒత్తిడి ఆపే మామూలు బాల్ బేరింగ్) తీసి కౌంటరు మీద పెట్టారు. మొదటిది లోపల 40 మిల్లీమీటర్లు, బయట 60, మందం 13. అది టన్నుల్లో మోస్తుంది, మాది అన్నీ కలిపి డెబ్బై కిలోలు దాటదు. ఇంత పెద్దది ఎందుకని అడిగాను. చిన్నది తీసుకుంటే పైపు సన్నబడుతుంది, పైపు సన్నబడితే ఊగుతుంది అన్నారు. బేరింగ్ బరువును బట్టి కాదు, పైపును బట్టి ఎంచుకోవాలన్నమాట.

వెల్డింగ్ బాలానగర్‌లో చేయించాను. షాపు యజమాని మితభాషి. నా బొమ్మ చూసి, "మేడమ్, బేరింగ్ కూర్చునే చోటు ముందే లేత్ మీద తీయించి తెచ్చారా?" అని అడిగారు. లేత్ అంటే ఇనుమును తిప్పుతూ గుండ్రంగా చెక్కే యంత్రం. లేదన్నాను. "మంచిది. ముందు అతుకు పెడదాం, తరువాత తీయిద్దాం" అన్నారు. వెల్డింగ్ వేడికి ఇనుము లాగుతుంది. ముందే చక్కగా తీసిన గుండ్రం, అతుకు పెట్టాక కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అందుకని పైపుకు అడుగు పళ్లెం అతికి, పూర్తిగా చల్లారాక, పక్క షాపులో లేత్ మీద బేరింగ్ సీటు తీశారు. ఈ వరుస తిరగేసిన స్టాండ్లు కరకరమంటూ తిరుగుతాయని ఆయన చెప్పారు. మాది చప్పుడు లేకుండా తిరుగుతుంది.

రైఫిల్ బట్ అడుగు పళ్లెం మీద కూర్చుంటుంది, బారెల్ (గొట్టం) పై పళ్లెం అంచున కోసిన గంటులో ఆనుతుంది. పై పళ్లేన్ని పైపుకు అతికించలేదు, బోల్టు బిగించే కాలరు మీద నిలబెట్టాం. మోడల్‌ను బట్టి, బారెల్ కింద ఉండే గాలి సిలిండర్ పొడవు మారుతుంది. గంటు పట్టుకోవలసింది సిలిండర్ కొసకు, ముందు సైట్‌కు మధ్య ఉన్న బారెల్‌ని. రేపు కొత్త రకం కొంటే పళ్లెం నాలుగు వేళ్లు పైకో కిందకో జరగాలి.

పళ్లేలకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకున్నాం. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ (నీటిని తట్టుకునే) రకం, ఎందుకంటే ఆ గది గోడ వానాకాలంలో చెమ్మగిల్లుతుంది. బట్ కూర్చునే గూళ్లు విడిగా చేయించి స్క్రూలతో బిగించాం. గూటి లోపల మెత్తదనానికి స్పాంజి వేయనివ్వలేదు. స్పాంజి తేమ తాగి ఇనుముకు అంటిస్తుంది. గట్టి రబ్బరు షీటు వేశాం. దాన్ని అంటించడానికి వడ్రంగి తెచ్చిన సిలికాన్ ట్యూబు తెరవగానే పచ్చళ్లలో వేసే వెనిగర్ వాసన వచ్చింది. అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. మూసిన అలమరాలో ఆ ఆవిరి ఉక్కు మీద తుప్పుగా తేలుతుంది. వాసన లేని న్యూట్రల్ రకం తెప్పించాం, ధరలో తేడా ఉంది. వడ్రంగికి నా మీద కోపం వచ్చినట్టుంది. రానివ్వండి.

అసలు తిప్పలు బిగించే రోజు వచ్చాయి. గదిలో తాండూరు బండలు, కడిగిన నీళ్లు పోవడానికి తలుపు వైపు వాలు. కంటికి కనిపించని వాలే, కానీ స్తంభం ఆ మేరకు ఒరిగింది. అయిదు రైఫిళ్లు ఒకవైపు పెట్టి వదలగానే చక్రం తనంతట తాను తిరిగి బరువైన పక్కను పల్లానికి తెచ్చుకుని ఆగింది. ఎన్నిసార్లు తిప్పి వదిలినా అంతే. బేరింగ్ ఎంత మంచిదైతే ఈ బుద్ధి అంత ఎక్కువ. అడుగు ఫ్రేముకు నాలుగు కాళ్లలోనూ లెవెలింగ్ బోల్టులు పెట్టించి, రసమట్టం పెట్టి సరిచేశాం. తరువాతే ఫ్రేమును యాంకర్ ఫాస్టెనర్లతో గోడకు బిగించారు. ముందే గోడకు బిగిస్తే ఇక సరిచేయడానికి ఏమీ ఉండదు.

స్టాండు ఎక్కడ పడితే అక్కడ ఆగకూడదు కూడా. తలుపు సందు ఒక రైఫిల్‌కే సరిపోతుంది, కాబట్టి ప్రతి 36 డిగ్రీలకు ఒక చిన్న గుంట వేసి, స్ప్రింగు మీద కూర్చునే బాల్ క్యాచర్ అమర్చాం. టక్కుమని ఆగుతుంది. పిల్లలు రంగులరాట్నంలా తిప్పకుండా అడుగు పళ్లేనికి ఒక ఫెల్ట్ ముక్క ఒరుసుకునేలా పెట్టాం. అది లేకపోతే యాభై కిలోల బరువు ఒకసారి ఊపందుకున్నాక బాల్ క్యాచర్‌ను లెక్కచేయదు. తాళం వేసే ముందు దించే టవర్ బోల్టు వేరే.

వాడకంలో తెలిసిన లాభం నేను ముందు ఊహించనిది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) నియమాల ప్రకారం కాల్చని సమయంలో రైఫిల్‌లో నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్, అంటే లోపల గుండు లేదని చూపే తాడు, ఉండాలి, ఎయిర్ రైఫిల్‌లో ఆ తాడు బారెల్ పొడవునా ఉండాలి. రైఫిళ్లు మూతి పైకి పెట్టి నిలబెట్టాం కాబట్టి పై పళ్లెం మీద పది నారింజ కొసలు లేస్తాయి. చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పితే లెక్క అయిపోతుంది. ఏది లేదో, దేనిలో ఫ్లాగ్ పెట్టలేదో అక్కడే తెలుస్తుంది. పాత గోడ వరుసలో చివరి రెండూ గది తలుపు చాటున పడి నన్ను రోజూ వంగి చూసేలా చేసేవి.

ఈ మధ్య ఎడమచేతి వాటం కుర్రవాడొకడు చేరాడు. వాడి రైఫిల్‌కు లోడింగ్ లివర్ రెండో వైపు. దాన్ని ఏ గూట్లో పెట్టినా ఒక పక్క సందులో రెండు లివర్లు ఎదురెదురవుతాయి, రెండో పక్క సందులో ఒక్కటీ ఉండదు. గూళ్లు స్క్రూలతో బిగించినవే కాబట్టి ఆ ఒక్కదాన్ని విప్పి ఖాళీ సందు వైపు రెండు సెంటీమీటర్లు జరిపాం. పై పళ్లెంలో గంటు మాత్రం కొత్తగా కోయించాల్సి వచ్చింది. వడ్రంగి ఈసారి ట్యూబు మూత తీసి, ముందు తానే వాసన చూశాడు.