డాల్ఫిన్ నోస్, మధ్యలో ఉల్లిపాయలు

సహజ రేవు అంటే ఏంటో మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. మొన్న ఫోన్‌ని ప్రొజెక్టర్‌కి తగిలించి గూగుల్ ఎర్త్ తెరిచా. మా విశాఖపట్నంలోని డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాచి, లోపలి రేవుకి అలలు తగలకుండా అడ్డంగా నిలబడటం కళ్లకు కట్టింది. 1933లో ఓడరేవు ఇక్కడే ఎందుకు తెరిచారో వేరే చెప్పక్కర్లేకపోయింది.

"సార్, మా ఇల్లు చూపించండి!" జాలారిపేట కుర్రాడు లేచాడు. జూమ్ చేస్తున్నానో లేదో, తెర మీద మా ఆవిడ వాట్సాప్ మెసేజ్: "వచ్చేటప్పుడు రైతుబజార్‌లో ఉల్లిపాయలు." క్లాసంతా ఘొల్లుమంది. ఇప్పుడు నోటిఫికేషన్లు ఆపాకే పాఠం.

హోంవర్క్ మాత్రం వాట్సాప్‌లో పెట్టను. ఆ కుర్రాడి ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్, అదీ నాన్నతో పాటు చేపల వేటకెళ్తుంది.